ప్లేటు కులం అడగదు – గేటు అడుగుతుంది

ప్లేటు అనే మాట వింటే వాడలో పెరిగినవాళ్ళకు మొదట గుర్తొచ్చేది అన్నం కాదు. టీ కొట్టు చూరులో దోపిన సత్తు ప్లేటు. మేకుకు విడిగా తగిలించిన గ్లాసు. తిని, తాగి, మనమే కడిగి, మళ్ళీ అక్కడే పెట్టి రావాలి. మన అయ్యలు కడిగారు, మన అమ్మలు కడిగారు, మనలో చాలామందిమి కడిగాం. ఆ ప్లేటుకు మన కులం తెలుసు.

ఇప్పుడు మేం చెప్పబోయేది ఇంకో ప్లేటు సంగతి. ఇది ఉక్కుది. తెల్లరంగు పూసి, ఇనప కాలు మీద బిగించి, మట్టికట్ట ముందు నిలబెడతారు. పది అంగుళాల గుండ్రం. పిస్తోలు తూటా తగిలితే ఖంగుమంటుంది. తగలకపోతే ఊరుకుంటుంది. అంతే. కొట్టినవాడి ఇంటిపేరేంటి, వాడి తాత ఎవరి దొడ్లో పేడ ఎత్తాడు అని అది అడగదు.

అమెరికాలో దీన్నొక పోటీగా ఆడతారు. పేరు స్టీల్ ఛాలెంజ్. మేం టెక్సాస్‌లో బతుకుతున్న కొన్ని మాల, మాదిగ, బీసీ తెలుగు కుటుంబాలం. రెండేళ్ళుగా ఈ ఆట ఆడుతున్నాం. ఎట్లా మొదలుపెట్టాలో, మొదలుపెట్టబోతే ఎవరు అడ్డం నిలబడతారో, అయినా మనవాళ్ళు ఎందుకు మొదలుపెట్టాలో చెబుదామని రాస్తున్నాం. గుంటూరులోనో నల్గొండలోనో ఈ పత్రిక చదివేవాళ్ళు 'మాకెందుకీ అమెరికా గోల' అనొద్దు. మీ వాడ పిల్లలే ఇప్పుడు ఇక్కడున్నారు. మీ ఊరి గేటు కూడా వాళ్ళ వెనకే విమానమెక్కి వచ్చింది.

ఆట ఏమిటి?

1981లో దక్షిణ కాలిఫోర్నియాలో మైక్ డాల్టన్, మైక్ ఫిచ్‌మన్ అనే ఇద్దరు ఈ పోటీ మొదలుపెట్టారు. 2007లో ఇది యూఎస్‌పీఎస్‌ఏ అనే షూటింగ్ సంఘం చేతికి వచ్చింది. మొత్తం ఎనిమిది స్టేజీలు. ఏ క్లబ్బులో ఆడినా అవే ఎనిమిది, అవే కొలతలు. ఒక్కో స్టేజిలో అయిదు ప్లేట్లు. అన్నిటికన్నా దగ్గరివి ఏడు గజాల్లో ఉంటాయి, దూరంవి ముప్పై అయిదు గజాల్లో ఉంటాయి. అయిదింటిలో ఒకటి స్టాప్ ప్లేటు. మిగతా నాలుగూ మనిష్టమొచ్చిన వరసలో కొట్టొచ్చు, స్టాప్ ప్లేటు మాత్రం చివర్న కొట్టాలి.

మార్కు అంటే కాలమే. టైమరు 'బీప్' అన్న క్షణం నుంచి ఆఖరి తూటా దాకా ఎన్ని సెకన్లో అదే మన లెక్క. తక్కువ సెకన్లు తెచ్చినవాడే ముందు. వదిలేసిన ప్రతి ప్లేటుకూ మూడు సెకన్లు జరిమానా. ఒక స్టేజిని అయిదుసార్లు కొట్టాలి, అన్నిటికన్నా పాడుది తీసేసి మిగతా నాలుగూ కూడతారు. ఔటర్ లిమిట్స్ అనే స్టేజిలో ఒక గడి నుంచి ఇంకో గడికి కదలాలి గనుక అక్కడ నాలుగుసార్లే, లెక్కకు మూడే. ఉదాహరణకు మీకు 6.10, 5.40, 7.20, 5.80, 9.00 సెకన్లు పడ్డాయనుకోండి. తొమ్మిది పోతుంది. మిగతావి కలిపితే 24.50. ఎనిమిది స్టేజీలూ ఇట్లాగే కూడి, పేరు పక్కన రాస్తారు.

ఇందులో మమ్మల్ని పట్టుకున్న సంగతేమిటో మన చదువుకున్న పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. ఇక్కడ ఇంటర్వ్యూ లేదు. నోటి మార్కులు లేవు. ప్రాక్టికల్ పరీక్షలో హాల్ టిక్కెట్టు మీద పేరు చూసి ముఖం చిట్లించే లెక్చరరు లేడు. ముప్పై ఏళ్ళుగా 'మెరిట్, మెరిట్' అని మా చెవులు గిల్లగొట్టిన దొరలారా! ఇదిగో మెరిట్. ఖంగుమంటే ఉంది, లేకపోతే లేదు. ఇంత నికార్సయిన కొలబద్ద మీ కాలేజీల్లో ఎప్పుడైనా పెట్టారా?

అయితే ఇక్కడే మనం మోసపోకూడదు. టైమరు లెక్కపెట్టేది 'బీప్' తర్వాత సంగతి మాత్రమే. 'బీప్'కు ముందు ఎవడు లోపలికి వచ్చాడు, ఎవణ్ణి రానివ్వలేదు, ఎవడికి నేర్పేవాడు దొరికాడు, ఎవడికి తూటాలు కొనే డబ్బుంది – ఆ లెక్క ఏ టైమరులోనూ ఎక్కదు. ప్లేటు న్యాయంగానే ఉంటుంది. అన్యాయమంతా ప్లేటుకూ రోడ్డుకూ మధ్యనున్న గేటు దగ్గర జరుగుతుంది.

గేటు దగ్గర ఏమడిగారు?

మా ఊళ్ళో కొందరు తెలుగువాళ్ళు శనివారం శనివారం రేంజికి వెళ్ళేవాళ్ళు. మాలో ఒకాయన నేనూ వస్తానన్నాడు. 'ఎందుకు రావు బ్రదర్, రా' అన్నారు. ఫోన్లోనే మొదలైంది. ఏ ఊరు? ఇంటిపేరు? ఆ ఊళ్ళో ఎవరు తెలుసు? ఇల్లు రామాలయం వైపా, చర్చి వైపా? నాలుగో ప్రశ్నకు వాళ్ళకు కావలసింది తేలింది. శుక్రవారం రాత్రి మెసేజీ వచ్చింది – 'సారీ, ఈ వారం ఫుల్'. మరుసటి వారమూ ఫుల్లే. ఆర్నెల్లు ఫుల్లే! ఫేస్‌బుక్కులో ఫోటో చూస్తే ఉన్నది అయిదుగురు. మీసం మెలేసి, తుపాకీ ఆకాశానికెత్తి, కింద 'ఇది మా రక్తంలో ఉంది' అని రాసుకున్నారు. రక్తంలో ఉన్నదేమో గానీ బుర్రలో మాత్రం లేదు. అయిదుగురిలో ముగ్గురు ట్రిగ్గరు మీద వేలు పెట్టి ఫోటో దిగారు. గురి పెట్టకుండా ట్రిగ్గరు మీద వేలు పెట్టినవాణ్ణి పోటీలో ఆ పూటకు ఇంటికి పంపిస్తారు, వాడు ఎవరి మనవడైనా సరే.

ఇంకో సంగతి చూడండి. ఇక్కడ దుకాణంలో తుపాకీ కొనాలంటే 4473 అనే ఫారం నింపాలి. అందులో జాతి ఏది అని ఒక గడి ఉంది. కులం గడి లేదు. అమెరికా ప్రభుత్వం వదిలేసిన ఆ గడిని మన తెలుగు పెద్దమనుషులు తమ నోటితో నింపుతున్నారు!

మేం ఏడుస్తూ కూర్చోలేదు. ఊరి బయట ఉన్న క్లబ్బుకు నేరుగా వెళ్ళి అడిగాం. 'ముందొచ్చి చూడండి' అన్నారు. చూశాం. రెండోసారి వెళ్తే ముసలి రేంజి ఆఫీసరు ఒకాయన తన పాయింట్ 22 పిస్తోలు మా చేతికిచ్చాడు. అయిదు ప్లేట్లకు మాకు పట్టిన కాలం ఇరవై రెండు సెకన్లు. పక్కన పన్నెండేళ్ళ పిల్ల నాలుగు సెకన్లలో కొట్టేసింది. నవ్వారు, మేమూ నవ్వాం. ఆ నవ్వులో విషం లేదు. మళ్ళీ రమ్మన్నారు.

అందరూ అట్లా ఉన్నారని చెబితే అబద్ధమవుతుంది. ఇంకో క్లబ్బు గేటు దగ్గర ఒకాయన మా ముఖాలు పైనుంచి కిందికి చూసి 'మీకు ఇక్కడ ఎవరు తెలుసు?' అన్నాడు. మేం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇది మాకు తెలిసిన ప్రశ్నే. ఇంగ్లీషులో వినడం మాత్రం మొదటిసారి.

ఆ దేశపు గేటు

ఆ ప్రశ్నను అమెరికాలో మనకన్నా ముందు విన్నవాళ్ళు నల్లజాతి సోదరులు. 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో ప్రధాన న్యాయమూర్తి టేనీ, నల్లవాళ్ళను పౌరులుగా ఒప్పుకుంటే ఎక్కడికైనా ఆయుధం పట్టుకుపోయే హక్కు కూడా వాళ్ళకొస్తుంది కదా అని తీర్పులోనే భయపడ్డాడు. బానిసత్వం పోయిన 1865లోనే మిసిసిపి రాష్ట్రం చట్టం చేసింది – విడుదలైన నల్లవాడు లైసెన్సు లేకుండా తుపాకీ, తూటా, బాకు ఏదీ పెట్టుకోకూడదు. తెల్లవాడికి ఆ షరతు లేదు. 1956లో మాంట్‌గోమరీలో మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు వేశారు. ఆయన పిస్తోలు అనుమతికి దరఖాస్తు పెట్టుకుంటే ఇవ్వలేదు. 1967లో బ్లాక్ పాంథర్లు చట్టప్రకారమే తుపాకులు పట్టుకుని తిరిగితే కాలిఫోర్నియా ఆ చట్టాన్నే మార్చేసింది. సంతకం పెట్టిన గవర్నరు రోనాల్డ్ రీగన్. 2016లో మిన్నెసోటాలో ఫిలాండో కాస్టిల్ అనే నల్లవాణ్ణి పోలీసు కారాపాడు. 'నా దగ్గర తుపాకీ ఉంది' అని అతనే చెప్పాడు. అనుమతి కూడా ఉంది. కాల్చి చంపారు. 2017లో ఆ పోలీసును నిర్దోషి అన్నారు.

ఈ చరిత్ర మనకు పరాయిది కాదు. ఆ పాంథర్ల పేరు చూసే 1972లో బొంబాయిలో నామ్‌దేవ్ ధసాల్, జె.వి. పవార్ లాంటి యువకులు దళిత్ పాంథర్స్ పెట్టారు. గేటు ఎక్కడున్నా గేటేనని వాళ్ళు అప్పుడే కనిపెట్టారు. నల్లవాళ్ళు కూడా గేటు బయట నిలబడి ఊరుకోలేదు. 1957లో నార్త్ కరోలినాలోని మన్రో ఊళ్ళో రాబర్ట్ విలియమ్స్ తన వాళ్ళను కూడగట్టి, జాతీయ రైఫిల్ సంఘం నుంచే శాఖ అనుమతి తెచ్చుకుని గురి నేర్పించాడు. 2015లో నల్లజాతి తుపాకీదారుల జాతీయ సంఘం పెట్టుకున్నారు. ఒక్కడుగా వెళ్తే 'నీకెవరు తెలుసు' అంటారు. పదిమందిగా వెళ్తే 'రండి' అంటారు. ఇది వాళ్ళ దగ్గర మేం నేర్చుకున్న మొదటి పాఠం.

మన బొటనవేలు

పిస్తోలును రెండు చేతులతో పట్టుకుంటాం. పట్టు సరిగా కుదిరితే రెండు బొటనవేళ్ళూ ఒకదాని మీద ఒకటి ముందుకు, ప్లేటు వైపు చూస్తుంటాయి. మొదటి రోజు రేంజి ఆఫీసరు మాలో ఒక కుర్రాడితో 'నీ బొటనవేలు సరిగ్గా పెట్టు' అన్నాడు. మేం గొల్లున నవ్వాం. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. మన కథలో గురువు బొటనవేలు సరిగ్గా పెట్టమనలేదు. కోసిమ్మన్నాడు!

ఏకలవ్యుడు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మట్టిబొమ్మ పెట్టుకుని నేర్చుకున్నాడు. ద్రోణుడు గేటు మూశాడు. గేటు బయటే వాడు గురి నేర్చేసరికి వేలు తీసుకున్నాడు. ఇదంతా పురాణం, పాత సంగతి అంటారా? మన దేశంలో ఆటలు నేర్పే కోచ్‌కు 1985 నుంచి ఇస్తున్న అవార్డు పేరు ద్రోణాచార్య. ఆటగాడికి 1961 నుంచి ఇస్తున్నది అర్జున. వేలు కోయించినవాడి పేరా గురువుకు? ఎవడి కోసం కోశారో వాడి పేరా శిష్యుడికి? సిగ్గుండాలి!

పురాణం వదిలి చరిత్రకే రండి. మహర్లు తరతరాలు సిపాయిలుగా పనిచేశారు. బాబాసాహెబ్ తండ్రి రామ్‌జీ సుబేదారు. మార్షల్ జాతులు అనే దొంగ సిద్ధాంతం తెచ్చి 1892లో మహర్లను పటాలంలోకి తీసుకోవడం ఆపేశారు. యుద్ధం నెత్తి మీదికొచ్చాక 1941లో గానీ మహర్ రెజిమెంటు పుట్టలేదు. అంటే యాభై ఏళ్ళలో మారింది మా గురి కాదు, వాళ్ళ అవసరం.

ఇక 1995లో వచ్చిన అట్రాసిటీ చట్టం నిబంధనలు తీసి చూడండి. మూడో నిబంధన ఏమంటుంది? దాడులు జరిగే ప్రాంతంగా గుర్తించినచోట ఎస్సీ, ఎస్టీలు కానివాళ్ళ ఆయుధ లైసెన్సులు రద్దుచేసి తుపాకులు జమ చేయించమంటుంది. అవసరమైతే ఎస్సీ, ఎస్టీలకు లైసెన్సులు ఇమ్మంటుంది. ఇది మేం రాసింది కాదు, భారత ప్రభుత్వం రాసింది. మీ కలెక్టరును, మీ ఎస్పీని అడగండి – మన జిల్లాలో ఈ నిబంధన కింద ఎన్ని లైసెన్సులు రద్దు చేశారు, ఎన్ని ఇచ్చారు అని. సమాచార హక్కు చట్టం ఉంది గదా, కాగితం పెట్టి అడగండి.

మనవాళ్ళే అడిగే ప్రశ్న

'బాబాసాహెబ్ మనకు పెన్ను ఇచ్చాడు, మీరు పిస్తోలు పట్టమంటారేంది?' అని మా పెద్దలే మమ్మల్ని నిలదీశారు. న్యాయమైన ప్రశ్న. జవాబు సూటిగా చెబుతాం.

తుపాకీతో మనకు విముక్తి వస్తుందని మేం చెప్పడం లేదు. కారంచేడులో 1985 జూలై 17న ఆరుగుర్ని, చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. చంపినవాళ్ళ చేతుల్లో ఉన్నవి గొడ్డళ్ళు, బరిసెలు. వాళ్ళ వెనక ఉన్నది రాజ్యం. చుండూరు కేసులో 2007లో పడిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసిందంటే ఏ తుపాకీ వల్ల కొట్టేసింది? రాజ్యం ఎవడి చేతిలో ఉందో ఆయుధం వాడిదే. కనుక మన రాజకీయం ఓటు, చట్టం, సంఘం. అందులో మార్పు లేదు.

ఇంట్లో తుపాకీ ఉంటే ధైర్యం అనే మాట కూడా మేం ఒప్పుకోం. అమెరికాలో తుపాకీ వల్ల చచ్చేవాళ్ళలో సగానికి పైగా తమను తామే కాల్చుకుని చచ్చేవాళ్ళు. ఉద్యోగం పోయి, వీసా గడువు నెత్తిమీద కూర్చుని, ఇంటికి చెప్పుకోలేక కుమిలిపోయే కుర్రాళ్ళు మనలో ఎంతమంది లేరు? అట్లాంటి ఇంట్లోకి తుపాకీ తేవద్దు. ఇదివరకే ఉంటే, ఆ గడ్డురోజులు పోయేదాకా ఇంకొకరి బీరువాలో పెట్టించండి. ఇది పిరికితనం కాదు, సంఘం చెయ్యాల్సిన పని.

మరి ఎందుకు ఆడాలి? ఈత ఎందుకు నేర్చుకోవాలి? ఊరి చెరువులోకి దిగనివ్వలేదు గనుక నేర్చుకోవాలి. ఇదీ అంతే. చెయ్యి వణక్కుండా నిలబడటం, ఊపిరి బిగబట్టకుండా చూడటం, అందరి ముందు తప్పు కొట్టి మళ్ళీ కొట్టడం – ఇవి మనకు ఎవరూ నేర్పలేదు. మనకు నేర్పింది తల దించుకోవడం. తల దించుకుంటే ప్లేటు కనపడదు.

ఇంకో తప్పు మాదే, దాన్నీ ఒప్పుకుంటాం. మొదటి ఆర్నెల్లు మా మగాళ్ళమే వెళ్ళాం. ఆడవాళ్ళు ఇంట్లో బిర్యానీ వండారు. ఒకరోజు మా చెల్లెలొకామె అడిగింది – 'అన్నా, వాళ్ళు మీకు ఫుల్ అన్నారు. మాకు మీరేమన్నారు?' నోరు పెగల్లేదు. మా ఇంట్లోనూ ఒక గేటుంది. ఇప్పుడు మాలో అందరికన్నా తక్కువ సెకన్లు ఆ చెల్లెలివే.

ఎట్లా మొదలుపెట్టాలి?

మొదట కాగితాలు చూసుకోండి. స్టూడెంటు వీసా, హెచ్1బి లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు ఉన్నవాళ్ళకు, ఇంకా కొద్దిమందికి మినహాయింపులున్నాయి. రేంజిలో అద్దె తుపాకీ పట్టుకున్నా చిక్కే. మీసాల బ్యాచి 'ఏం కాదు బ్రదర్' అంటుంది. పట్టుబడితే జైలుకెళ్ళేది, విమానమెక్కేది మీరు. లాయరును అడక్కుండా ముట్టుకోవద్దు. గ్రీన్‌కార్డు, పౌరసత్వం ఉన్నవాళ్ళకు ఈ అడ్డు లేదు. మాతో వచ్చే హెచ్1బి తమ్ముళ్ళు ప్లేట్లకు రంగు పూస్తారు, సెకన్లు రాస్తారు. ఆట అంతా వాళ్ళకు నోటికొచ్చు.

రెండోది, ఏదీ కొనకుండా వెళ్ళండి. ఒక పోటీ మొత్తం చూడండి. చూడటానికి కూడా కళ్ళద్దాలు, చెవులకు మూతలు ఉండాలి. ఉక్కుకు తగిలిన సీసం ముక్కలై వెనక్కి చిట్లుతుంది. ఆ తర్వాత కొత్తవాళ్ళ క్లాసు ఒకటి చేసి, ఎవరిదైనా పిస్తోలుతో కొట్టి చూడండి.

మూడోది, పాయింట్ 22తో మొదలుపెట్టండి. రూగర్ మార్క్ 4, స్మిత్ అండ్ వెస్సన్ విక్టరీ, బ్రౌనింగ్ బక్‌మార్క్ – కొత్తవాళ్ళ చేతుల్లో కనబడేవి ఇవే. నాలుగైదు వందల డాలర్ల సరుకు. పాతది ఇంకా తక్కువకు దొరుకుతుంది. పాయింట్ 22 వాళ్ళకు ఒర అక్కర్లేదు. పిస్తోలు చేతిలో పట్టుకుని, ఎదురుగా నేలమీద పెట్టిన గుర్తు వైపు దించి నిలబడి మొదలుపెట్టొచ్చు. మ్యాగజైన్లు అయిదు ఉండాలి, ఒక్కోసారికి ఒకటి. ఎనిమిది స్టేజీలకూ ఒక్క గురీ తప్పకపోతే 195 తూటాలు కావాలి. తప్పుతాయి, మూడు వందలు తీసుకెళ్ళండి. ఈ తూటా కొన్ని సెంట్లే. తొమ్మిది మిల్లీమీటర్లది దీనికి మూడింతలు. అయినా ఇది కూడా అందరికీ అందే ఖర్చు కాదు. అందుకే మా నాలుగు కుటుంబాలకు రెండే పిస్తోళ్ళు. పోటీలో వంతులేసుకుంటాం.

నాలుగోది, ప్రాణం లాంటి నాలుగు మాటలు. ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకో. కొట్టకూడని దాని వైపు గొట్టం తిప్పకు. గురి కుదిరేదాకా ట్రిగ్గరు మీద వేలు పెట్టకు. నీ ప్లేటు వెనక ఏముందో తెలుసుకో. రేంజిలో నీ వంతు వచ్చేదాకా పిస్తోలు ఖాళీగా, సంచిలోనే ఉండాలి. 'మేక్ రెడీ' అన్నాకే మ్యాగజైను పెట్టాలి. 'ఆర్ యూ రెడీ', 'స్టాండ్ బై', ఆ తర్వాత 'బీప్'. అయిపోగానే ఖాళీ చేసి చూపించాలి. గొట్టం వెనక్కి తిరిగినా, పిస్తోలు చేజారినా ఆ పూటకు ఆట ముగిసినట్టే. అలగొద్దు. ఈ నియమం దొరకూ ఉంది, మనకూ ఉంది.

అయిదోది, గురి సంగతి. ట్రిగ్గరు వేగంగా నొక్కితే సెకన్లు తగ్గవు. ఒక ప్లేటు నుంచి ఇంకో ప్లేటుకు పోయే దారిలో తగ్గుతాయి. ముందు చూపు పోవాలి, దాని వెంట పిస్తోలు పోవాలి. ఖంగుమనే చప్పుడు కోసం ఆగి వినొద్దు. వినేలోపు కాలం పోతుంది. తూటా వదిలినప్పుడు గురి ఎక్కడుందో చూసినవాడికి తగిలిందో లేదో చప్పుడుకు ముందే తెలుస్తుంది. తప్పితే వెంటనే ఇంకోటి కొట్టు. అదనపు తూటాకు సెకను పట్టదు, వదిలేస్తే మూడు సెకన్లు పోతాయి. ఇంట్లో ఖాళీ పిస్తోలుతో గోడ మీద గుర్తులు పెట్టుకుని సాధన చెయ్యండి. ఆ గదిలో ఒక్క తూటా కూడా ఉండకూడదు.

ఆరోది, ఇంటికి రాగానే పిల్లల్ని ఎత్తుకోకముందే చేతులు, ముఖం కడుక్కోండి, బట్టలు మార్చండి. సీసం పిల్లలకు విషం. పిస్తోలు తాళం పెట్టెలో, తూటాలు ఇంకో తాళంలో ఉండాలి.

గేటు తెరవండి

ఊళ్ళో గేటు తెరిస్తే ఏమవుతుందో మనకు తెలుసు. 2014 మేలో సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. కొండ వాళ్ళ కులం అడగలేదు. అంతకుముందు ఎక్కనిచ్చిన వాడెవడు? కనుక రెండు రాష్ట్రాల ప్రభుత్వాలనూ అడుగుతున్నాం – గురుకులాల్లో పది మీటర్ల గాలి పిస్తోలు రేంజిలు పెట్టండి. ఒలింపిక్స్‌లో ఉన్న ఆటే అది. కోచ్‌కు ఏ అవార్డు ఇస్తారో తర్వాత చూద్దాం, ముందు వేళ్ళన్నీ ఉన్న పిల్లల్ని లోపలికి రానివ్వండి.

మీసాల బ్యాచికి ఒకటే మాట. మీ ఫోటో మాకక్కర్లేదు, మీ పిలుపూ అక్కర్లేదు. శనివారం పొద్దున రేంజికి రండి. మీ ఇంటిపేరు గేటు దగ్గర పెట్టి, పిస్తోలు సంచిలో పెట్టుకుని లైన్లో నిలబడండి. మా చెల్లెలు అక్కడే ఉంటుంది. 'బీప్' తర్వాత మాట్లాడుకుందాం.

మనవాళ్ళకు ఇంకో మాట. వెళ్ళేటప్పుడు ఒక్కరు వెళ్ళొద్దు. ప్రతిసారీ కొత్తగా ఒకర్ని తీసుకెళ్ళండి. వాళ్ళ ఇంటిపేరు అడక్కండి. మాల అయినా, మాదిగ అయినా, చాకలి అయినా, ముస్లిం అయినా, అక్క అయినా, అమ్మ అయినా కళ్ళద్దాలు ఇచ్చి ముందు నిలబెట్టండి. మనం పట్టుకున్న గేటు మన వెనక మూసుకోకూడదు.

సత్తు ప్లేటు కడిగిన చేతులివి. ఉక్కు ప్లేటు మోగించడానికి వస్తున్నాయి. బొటనవేలు అడిగితే ఈసారి ఇవ్వం.

జై భీమ్!